పదకొండు చేపలు పడ్డాయి, కూరకి ఒక్కటీ లేదు: మామీ నది వాలై కేసు

ఆఫీసులో సర్వర్ పడిపోతే మర్నాడు కూర్చుని ఎందుకు పడింది, ఏం చేశాం, ఏది పనిచేయలేదు, చివరికి దేనితో లేచింది అని రాసిపెట్టుకుంటాం కదా, నది దగ్గర కూడా నాకు అదే రోగం పట్టుకుంది. ఒహాయోలో మామీ నదిలో తొమ్మిది వసంతాలుగా వాలై చేపలకి గాలం వేస్తూ నిలబడుతున్నాను, అందులో ఆరేళ్ళుగా కొత్తగా వచ్చే మనవాళ్ళకి నేర్పిస్తున్నాను. డబ్బులు తీసుకోను, ఫ్లాస్కులో టీ తెస్తే చాలు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో ఒక నోట్‌బుక్కులో రాస్తుంటాను, ఈ కేసు అందులోదే. మనిషి పేరు, ఉద్యోగం, ఉండే ఊరు వదిలేశాను. రాయనా అని అడిగితే "రాయి తమ్ముడూ, నాలాంటి వాళ్ళు ఇంకో పదిమంది ఉంటార్లే" అన్నాడు.

నేపథ్యం

తెలియనివాళ్ళ కోసం ముందు నది సంగతి. మామీ నది ఇండియానాలో ఫోర్ట్ వేన్ దగ్గర మొదలై టొలీడో దగ్గర ఈరీ సరస్సులో కలుస్తుంది. గ్రేట్ లేక్స్‌లోకి వచ్చే నదులన్నిటిలోకీ పెద్ద పరీవాహక ప్రాంతం దీనిదే. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈరీలోంచి వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఈ నదిలోకి ఎక్కుతాయి. మామీ, పెరీస్‌బర్గ్ ఊళ్ళ మధ్య నది అడుగంతా రాయి, గులకరాయి. వాటికి కావాల్సింది అదే. నీళ్ళు 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి 50 వైపు పోతుండగా పని జరుగుతుంది. మగవి ముందు వచ్చి చాలా రోజులు ఉంటాయి. ఆడవి వాటికన్నా పెద్దవి, వచ్చి గులకరాళ్ళ మీద గుడ్లు వదిలేసి సరస్సుకి వెళ్ళిపోతాయి. గూడు కట్టడం, కాపలా కాయడం లాంటివేం లేవు.

మనకి ముఖ్యమైన సంగతి ఏంటంటే ఆ సమయంలో వాటికి తిండి మీద పెద్ద ధ్యాస ఉండదు, ముహూర్తం దాకా ఉపవాసం ఉన్న పెళ్ళికొడుకు లాగ. ఎర వెతుక్కుంటూ రావు. మూతి ముందు నుంచి ఏదైనా పోతే చిరాకుతోనో అలవాటు కొద్దో నోట పట్టుకుంటాయి. అందుకే ఇక్కడ ఎర ఎంత రుచిగా ఉందన్నదానికన్నా అది చేప మూతి ఎత్తులో, మూతి ముందు నుంచి, చేపకి అందే వేగంలో వెళ్ళిందా లేదా అన్నదే లెక్క.

రెండోది రూల్స్. మార్చి 1 నుంచి మే 1 వరకు ఈ భాగంలో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే గాలం వేయాలి. మూడు కొక్కేల ట్రెబుల్ హుక్ వేయకూడదు, ఒక్క ముల్లు ఉన్న హుక్కే వాడాలి, అదీ కాడ నుంచి ముల్లుకి అర అంగుళం దాటకూడదు. చేపకి హుక్ నోటి లోపల పడి ఉండాలి. పొట్టకో రెక్కకో తోకకో పడితే అది ఎంత పెద్దదైనా, ఎంత కష్టపడి లాగినా, అక్కడికక్కడే నీళ్ళలో వదిలేయాలి. రోజుకి ఆరు, ఒక్కొక్కటి కనీసం 15 అంగుళాలు. (రూల్స్ మారుతుంటాయి, వెళ్ళేముందు ఆ ఏటివి మీరే ఒకసారి చూసుకోండి.) ఎందుకింత కట్టడి అంటే, చేపలు అంత ఒత్తుగా ఉన్నచోట ఎరతో పని లేకుండా ఉత్త హుక్కుతోనే గీరి లాగేయొచ్చు. గుడ్లు పెట్టడానికొచ్చిన చేపని అలా గీరడం ఆట అనిపించుకోదు.

ఇక మనిషి. నలభైల్లో ఉంటాడు, గోదావరి కాలువగట్టు ఊళ్ళో పెరిగాడు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వెదురు కర్రకి దారం కట్టి, బెండు పెట్టి, ఎర్ర (వానపాము) గుచ్చి కాలువలో జెల్లలూ కొర్రమీనూ పట్టిన బాపతు. నదికి ఒకటిన్నర గంట డ్రైవ్ దూరంలో ఉంటాడు. నాకు ఫోన్ చేసేసరికి అది ఆయనకి మూడో వసంతం.

ఫోన్‌లో చెప్పిన సమస్య

"తమ్ముడూ, చేపలు పడట్లేదని కాదు. పడుతున్నాయి. పొద్దున్నుంచి పదకొండు లాగాను. పదకొండూ వదిలేశాను."

నోట్‌బుక్కులో ఈ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను, ఎందుకంటే మామూలుగా వచ్చే ఫిర్యాదు దీనికి తలకిందులు. "ఒక్కటీ పడట్లేదు, ఏ రంగు వేయాలి" అని అడుగుతారు అందరూ. ఈయనకి పడుతున్నాయి కానీ ఒక్కటి కూడా నోటిలోపల లేదు. పక్కనున్న ముసలాయన ఆరు కోటా పూర్తి చేసుకుని బుట్ట సర్దుకుని వెళ్ళిపోయాడట, ఈయన ఇంటికి ఖాళీ ఐస్ బాక్సు తీసుకెళ్ళాడు. అక్కడ వాళ్ళావిడ చేపల పులుసుకి చింతపండు నానబెట్టి కూర్చుంది. రెండేళ్ళుగా ఇదే కథ. "చేపలు ఎక్కువై తగులుతున్నాయేమో, నా దురదృష్టం" అని ఆయన అనుకుంటున్నాడు.

దురదృష్టం ఒకటి రెండు చేపలకి సరిపోతుంది. పదకొండుకి పదకొండంటే ఏదో ఒకటి ప్రతిసారీ ఒకేలాగ తప్పుతోంది. అదేంటో ఫోన్‌లో తేలదు కదా, శనివారం రమ్మన్నాను.

మొదటి రోజు: ఏమీ చెప్పకుండా చూడటం

కొత్తవాళ్ళు వచ్చీ రాగానే "అది అలా కాదు" అని మొదలుపెట్టడం నాకు ఒకప్పుడు ఉన్న జబ్బు. అలా చేస్తే మనిషి మన ముందు జాగ్రత్తగా వేస్తాడు, అసలు తప్పు దాక్కుంటుంది. అందుకే మొదటి అరగంట నోరు మూసుకుని చూస్తాను.

ఈ కేసులో అంతకన్నా ముందు ఒక్కటి మాత్రం చెప్పక తప్పలేదు. ఆయన ఛాతీ దాకా వచ్చే వేడర్స్ (నీళ్ళలో నిలబడటానికి వేసుకునే, తడవని ప్యాంటు) వేసుకున్నాడు, నడుముకి బెల్టు లేదు. 44 డిగ్రీల ఫారన్‌హీట్ చన్నీళ్ళలో జారిపడితే బెల్టు లేని వేడర్స్‌లోకి నీళ్ళు బిందెలోకి పోసినట్టు పోతాయి, లేచి నిలబడటం గగనం. నా కార్లో స్పేర్ బెల్టు ఉంది, అది బిగించాకే నదిలో కాలు పెట్టనిచ్చాను. కర్ర ఒకటి చేతికిచ్చి, కాలు ఎత్తి వేయకుండా అడుగు మీద ఈడ్చుకుంటూ నడవమన్నాను. చేప పడకపోతే మళ్ళీ వారం ఉంది.

చూసినవి ఇవి. గట్టి రాడ్, క్యాట్‌ఫిష్‌కి వాడే రకం. 20 పౌండ్ల బ్రెయిడ్ లైన్, అంటే అల్లిన దారం. ఒక ఔన్సు సీసం గుండు, దాని కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కీలు), స్వివెల్ నుంచి లీడర్ (ఎర దాకా పోయే విడి దారం ముక్క), చివర నారింజ రంగు ఫ్లోటింగ్ జిగ్ హెడ్‌కి (హుక్ ఉన్న తేలే గోళీ) తెల్ల ట్విస్టర్ టెయిల్ (మెలితిరిగిన తోకలాంటి మెత్తటి ఎర). ఇక్కడ అందరూ వాడే కూర్పే ఇది: గుండు అడుగున దొర్లుతుంది, జిగ్ తల తేలే రకం కాబట్టి ఎర రాళ్ళకి కొంచెం పైన, చేప మూతి ఎత్తులో ఊగుతూ పోతుంది. తేడా ఎక్కడంటే ఆయన లీడర్ చెయ్యి చాపినా సరిపోనంత ఉంది, కొలిస్తే ఐదడుగుల పైచిలుకు. ఎందుకన్నా ఇంత పొడుగు అంటే, "తేలాలంటే దారం ఉండాలి కదా" అన్నాడు. ఎవరో చెప్పారట.

రెండోది ఆయన చెయ్యి. గుండు రాయికి తగిలి టక్ అన్న ప్రతిసారీ రాడ్‌ని పక్కకి ఒక్క ఊపు. టక్, ఊపు. టక్, ఊపు. ఒక్కసారి వేసి చుట్టుకునేలోగా ఎనిమిది తొమ్మిది ఊపులు.

ఆ అరగంటలో నాలుగు చేపలు పడ్డాయి. ఒకటి వీపున, ఒకటి పొట్ట కింద రెక్క దగ్గర, ఒకటి తోక మొదట్లో. నాలుగోది దవడకి పడింది. "చూశావా, నోటికే!" అన్నాడు సంబరంగా. నేను చేపని తిప్పి చూపించాను: హుక్ బయట నుంచి లోపలికి దిగి ఉంది, ముల్లు నోట్లోకి పొడుచుకొచ్చింది. చేప ఎరని నోట పట్టుకుంటే హుక్ లోపల నుంచి బయటికి దిగుతుంది. బయట నుంచి లోపలికి దిగిందంటే అది పట్టుకోలేదు, మనమే గుచ్చాం. అది కూడా నీళ్ళలోకే పోయింది. హుక్ ఎటు నుంచి ఎటు దిగిందో చూడటం నా దృష్టిలో ఈ నదిలో అన్నిటికన్నా మంచి పరీక్ష, రంగుల గురించి గంట మాట్లాడేకన్నా నయం.

సామాను తప్పా, చెయ్యి తప్పా

ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అనుమానితులు ఇద్దరు. లీడర్ మీద అనుమానం ఎందుకంటే: చేప ప్రవాహానికి ఎదురు తిరిగి అడుగున నిలబడి ఉంటుంది. గుండు నదికి అడ్డంగా దొర్లుతూ పోతుంటే వెనక ఐదడుగుల దారం విల్లులాగ వంగి వస్తుంది. ఆ దారం చేప మూతికో పక్కకో ఆనుకుని జారుతూ జారుతూ పోతే చివర్న వచ్చేది హుక్. ఆ సమయానికి ఎవరైనా ఊపితే హుక్ ఎక్కడుంటే అక్కడ దిగుతుంది. చెయ్యి మీద అనుమానం ఎందుకో చెప్పక్కర్లేదు.

రెండూ ఒకేసారి మార్చేస్తే బాగుపడొచ్చు, కానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు, రేపు మళ్ళీ చెడితే దేన్ని పట్టుకోవాలో తెలియదు. అందుకని రాడ్‌లు మార్చుకున్నాం. నా రాడ్ ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్ల లైన్, 18 అంగుళాల లీడర్, 3/8 ఔన్సు గుండు. ఆయన దాంతో, నేను ఆయనదాంతో, అరగంట.

ఆయన రాడ్‌తో నాకు రెండు పడ్డాయి. ఒకటి నోటిలోపల, ఒకటి రెక్కకి. నేను ఊపను, అయినా రెక్కకి పడింది. నా రాడ్‌తో ఆయనకి రెండు పడ్డాయి, ఒకటి గడ్డం కింద, ఒకటి భుజం దగ్గర. రెండూ బయటే. నాలుగు చేపలతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు, అయినా చూపించిన దారి స్పష్టంగానే ఉంది: లీడర్ ఒక్కటే మార్చినా సరిపోదు, చెయ్యి ఒక్కటే మార్చినా సరిపోదు.

పనిచేయనివి

మర్నాడు ఆదివారం. ఆయన రాడ్ ఆయనకి ఇష్టం, బాగా ఖర్చు పెట్టి కొన్నాడు, అందుకని రాడ్ అలాగే ఉంచి లీడర్ మాత్రం 18 అంగుళాలకి కత్తిరించాను. ఇది నా తప్పు నిర్ణయం, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఔన్సు గుండు ఆ లోతులో దొర్లదు, రెండు రాళ్ళ మధ్య దూరి కూర్చుంటుంది. ఇంతకుముందు లీడర్ పొడుగ్గా ఉండటంతో గుండు ఆగినా ఎర దూరంగా ఊగుతూ చేపలకి తగిలేది. ఇప్పుడు గుండు ఆగితే ఎర కూడా అక్కడే ఆగుతోంది, ఆయనేమో ఊపి ఊపి దాన్ని ఇంకా లోపలికి దిగ్గొడుతున్నాడు. గుండు, లీడర్, ఎర కలిపి ఏడు సెట్లు తెగిపోయాయి. పడింది ఒక్క చేప, అదీ పక్కటెముకలకి.

మధ్యలో రంగులు. ఆయనకి నా మీద నమ్మకం సడలినప్పుడల్లా చెయ్యి ట్యాకిల్ బాక్సులోకి పోయేది. నారింజ, గులాబీ, షార్ట్రూస్ (ఆకుపచ్చ కలిసిన పసుపు), తెలుపు, నలుపు, గుమ్మడిగింజ రంగు, అన్నీ అయ్యాయి. నేను ఆపలేదు, కానీ ఏ గంటకి ఏ రంగు అని రాసుకున్నాను. తేడా ఏమీ కనబడలేదు. నీళ్ళు మట్టి రంగులో ఉన్నప్పుడు మెరిసే రంగు ఒకటి, తేటగా ఉన్నప్పుడు తెలుపో గుమ్మడిగింజ రంగో ఒకటి, ఈ రెండు జేబులో ఉంటే నాకు చాలు. బెయిట్ షాపులో గోడ నిండా ఉండే మిగతా రంగులు చేపలకన్నా మనుషుల్నే బాగా పడతాయని నా అభిప్రాయం.

తర్వాత నోటిమాట. "అన్నా, ఊపకు." "ఊపను." టక్, ఊపు. "అన్నా." "అయ్యో, ఊపానా?" నిజంగానే ఆయనకి తెలియట్లేదు. అప్పుడు కాలువ సంగతి అడిగాను. బెండు మునగ్గానే ఎలా లాగేవాళ్ళు? ఆయన నీళ్ళలో నిలబడే రెండు చేతులతో చేసి చూపించాడు: కర్ర ఒక్కసారిగా తల మీదుగా వెనక్కి, చేప గాల్లో ఎగిరి గట్టు వెనక గడ్డిలో పడేలా. ఆలస్యం అయితే కొర్రమీను నాచులోకి దూరేస్తుంది కదా అన్నాడు. అది అక్కడ సరైన పద్ధతే. నిలవ నీరు, బెండు చెప్పే కబురు ఒక్కటే, ఒక్క కదలికే సమాధానం. ఇక్కడ పారే నీరు, గుండు ప్రతి రాయి దగ్గరా ఒక కబురు చెబుతుంది, అందులో పదిలో తొమ్మిది అబద్ధాలు. ఎనిమిదేళ్ళ వయసులో చేతికి పట్టిన అలవాటు చెవిలో చెప్పిన మాటకి పోదు.

పోదని తెలిసి కూడా ఇంకో పొరపాటు చేశాను. ఆ వారం వానలు పడ్డాయి. వాటర్‌విల్ దగ్గర నీటిమట్టం కొలిచే గేజ్ రీడింగ్ చూస్తే నది పైకి పోతోంది, నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి, శనివారం దిగే ప్రశ్నే లేదు. అలాంటప్పుడు బ్లూగ్రాస్ ఐలాండ్ వైపు నడిచి వెళ్ళిన వాళ్ళు తిరిగి రాలేక ఇరుక్కుంటారు. ఖాళీగా ఎందుకని వాళ్ళ గ్యారేజీలో ప్రాక్టీసు పెట్టాం. లైన్ చివర వాళ్ళమ్మాయి పట్టుకుంది, ఒకసారి గోరుతో టక్‌మని మీటుతుంది, ఒకసారి మెల్లగా బరువు వేస్తుంది. మీటితే కదలకూడదు, బరువు వేస్తే చుట్టాలి. అరగంటకి ఇరవైకి ఇరవై కరెక్టు. ఆ పిల్ల కూడా "నాన్నా, పాస్" అంది. నేను సంతోషపడిపోయాను. తర్వాతి శనివారం నదిలో మొదటి టక్‌కే మళ్ళీ ఊపాడు. గ్యారేజీలో కాళ్ళకి ప్రవాహం తగలదు, చలి లేదు, పక్కవాడికి చేప పడట్లేదు. టెన్షన్ లేనిచోట నేర్చిన పాఠం టెన్షన్ ఉన్నచోట గుర్తుకు రాలేదు.

పనిచేసింది

ఆ రోజు ఏప్రిల్ రెండో శనివారం. నది దిగింది కానీ మామూలుకన్నా జానెడు ఎక్కువే ఉంది, నీళ్ళు 47 డిగ్రీలు. ఈసారి ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నానో వివరంగా రాస్తాను.

రాడ్: నా స్పేర్ మీడియం రాడ్ ఇచ్చాను, ఆయనది కార్లోనే ఉంచేశాను. గట్టి రాడ్‌లో రాయి తగిలినా చేప తగిలినా ఒకేలాగ ఉంటుంది, మెత్తటి కొస ఉంటే తేడా తెలుస్తుంది. తేడా తెలియని మనిషిని ఆగమనడం అన్యాయం.

గుండు: 3/8 వేసి చూశాం, ఆ ప్రవాహంలో టక్ అన్నదే లేదు, మధ్య నీళ్ళలో కొట్టుకుపోతోంది. అర ఔన్సుకి పోయాం. నేను పెట్టుకున్న కొలత ఇది: కొద్దిగా ఎగువకి వేసి, గుండు అడుగు తాకాక వదులు చుట్టేసి పట్టుకుంటే, అది ఎదురుగా వచ్చి దిగువకి తిరిగేలోగా నాలుగైదు సార్లు టక్‌మనాలి. అసలు అనకపోతే తేలిక, గరగరమని ఈడుస్తూ వస్తే బరువు. నది గంట గంటకీ మారుతుంది కాబట్టి 3/8, 1/2, 5/8 మూడూ జేబులో ఉండాలి. పొద్దున్న సరిపోయిన గుండు పదింటికి సరిపోకపోతే బద్ధకించకుండా మార్చాలి.

చోటు: అందరూ నడుం లోతు నీళ్ళలో, పెద్ద పాయకి ఎదురుగా భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నారు, ఆయన కూడా రెండేళ్ళు అక్కడే నిలబడ్డాడు. అక్కడ చేపలు ఉన్నాయి, కానీ వేగం ఎక్కువ, పది మంది లైన్లు కలుస్తాయి, గుండు ఏం చెబుతోందో వినే వీలు లేదు. నేను మోకాలి లోతులోకి తీసుకొచ్చాను, వేగంగా పారే నీటికీ నెమ్మదిగా పారే నీటికీ మధ్య ఒక గీత కనబడుతుంది కదా, నురగ దాని మీదే వరసగా పోతుంటుంది, ఆ గీతకి ఇవతల. పైకి ఎక్కే చేప ఊరికే బలం ఖర్చుపెట్టదు, అలాంటి అంచునే రాళ్ళ చాటున ఆగుతుంది. పైగా వాలై కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, మసక వెలుతుర్లో బాగా చూస్తుంది, అందుకని సూర్యోదయం తర్వాత మొదటి గంటలో మనం ఊహించనంత లోతు తక్కువ నీళ్ళలో కూడా ఉంటుంది. చాలామంది దాని మీద నుంచే నడుచుకుంటూ పోయి లోతులో నిలబడతారు.

చివరిది డ్రాగ్. ఇది నాకు ముందు రోజు రాత్రి గిన్నెలు కడుగుతుంటే తట్టింది. చేప ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో నిర్ణయించే మరే డ్రాగ్. దాన్ని బాగా వదులు చేసేశాను. ఇప్పుడు ఆయన ఊపితే రాడ్ కదులుతుంది కానీ హుక్‌కి ఆ ఊపు అందదు, స్పూల్ (దారం చుట్టి ఉండే చక్రం) జారిపోతూ జర్ర్ర్‌మని అరుస్తుంది. అంటే ఊపు వల్ల చేపకి హాని లేదు, ఊపినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోతుంది. నిజంగా చేప పట్టిందనిపిస్తే స్పూల్‌ని అరచేత్తో అదిమి, రాడ్ కదపకుండా, రీలు రెండు చుట్లు చుట్టాలి. సన్నటి పదునైన హుక్‌కి ఆ ఒత్తిడి చాలు. (పదును అంటే: ముల్లుని బొటనవేలి గోరు మీద ఆనించి లాగితే జారకూడదు, గీసుకోవాలి. రాళ్ళకి నాలుగుసార్లు తగిలితే జారడం మొదలవుతుంది, అప్పుడు పారేయడమే.)

మొదటి అరగంటలో రీలు పద్నాలుగు సార్లు అరిచింది, నేను లెక్కపెట్టాను. అటుపక్క నిలబడ్డ కుర్రాడు ప్రతిసారీ చేప పడిందనుకుని తిరిగి చూస్తున్నాడు, ఈయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా పనికొచ్చిందనుకుంటా. రెండో అరగంటలో ఐదు. నేను ఒక్క మాట కూడా అనలేదు.

ఏడున్నర దాటాక ఒకసారి గుండు నాలుగో టక్ అన్నాక ఐదో టక్ రాలేదు. లైన్ ఆగిపోయింది. ఆయన నా వైపు చూశాడు. "ఎలా ఉంది?" అన్నాను. "తడిగుడ్డ తగులుకున్నట్టుంది" అన్నాడు. చుట్టమన్నాను. అరచెయ్యి స్పూల్ మీద పడింది, రెండు చుట్లు, రాడ్ కొస వంగింది, ఆ తర్వాత తల విదిలించిన ఊపు నాక్కూడా కనబడింది.

దగ్గరికి తెచ్చాక ఆయన మొదట నోరు తెరిచి చూశాడు. పై దవడ లోపలి మూలలో నారింజ గోళీ, ముల్లు లోపల నుంచి బయటికి. సూదుల్లాంటి పళ్ళు, గోళీకాయలాంటి పాలిపోయిన కన్ను, తోక కింది కొసన తెల్లటి మచ్చ. మగది, పట్టుకున్న చెయ్యంతా పాలలాంటి జిగురు అయిపోయింది. టేపు పెడితే 17 అంగుళాలు. వీపు ముళ్ళు గుచ్చుకుని వేలి నుంచి రక్తం వస్తోంది, ఆయనకి అది తెలియను కూడా తెలియలేదు.

పదిన్నరకి లెక్క: ఐదు పడ్డాయి. నాలుగు నోటిలోపల, ఒకటి పొట్టకి. నోటిలో పడ్డ నాలుగింట్లో ఒకటి 15 అంగుళాలకి పొట్టి. మూడు ఇంటికెళ్ళాయి. పులుసు పెట్టారట, కానీ వాలై కండ తెల్లగా పొరలు పొరలుగా ఉంటుంది, పులుసులో విడిపోతుంది, వేపుడుకైతేనే దానికి న్యాయం అని నేను చెబుతూనే ఉన్నాను.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

కొత్తవాళ్ళెవరొచ్చినా ఇప్పుడు నా మొదటి ప్రశ్న "ఎన్ని పడ్డాయి" కాదు, "ఎక్కడ పడ్డాయి". పదకొండు పడ్డాయంటే పద్ధతి బాగుందని ఆయన రెండేళ్ళు నమ్మాడు, ఆ అంకె వల్లే ఏమీ మార్చుకోలేదు. ఒక్కటీ పడకపోయి ఉంటే మొదటి ఏడే ఎవర్నో అడిగేవాడు.

రాడ్‌లు మార్చుకోవడం ప్రతి కేసులోనూ చేస్తున్నాను, గంట ఖర్చు అంతే. సామాను ఒక్కటే మారిస్తే ఏమవుతుందో ఆ ఆదివారం తెగిపోయిన ఏడు సెట్లు చెప్పాయి. లీడర్, గుండు, రాడ్ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, లీడర్ తగ్గిస్తే గుండు కూడా తగ్గించాల్సిందే. అది నాకు ముందే తెలుసు, ఆయన రాడ్ మీద మోజు చూసి మొహమాటపడ్డాను.

డ్రాగ్ చిట్కా తర్వాత ఇద్దరి మీద వాడాను. ఒకరికి పనిచేసింది. రెండో ఆయనకి పనిచేయలేదు, ఆయన ఊపు అలవాటు వల్ల కాదు, చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఏదీ తెలియక ఊపుతున్నాడు. ఆయనకి కావాల్సింది మంచి గ్లోవ్స్. పైకి ఒకేలా కనబడే తప్పుకి ఒకే మందు అనుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 18 అంగుళాల లీడర్‌తో నోటిలోపల పడ్డ చేపల్లో కూడా అన్నీ ఇష్టపడి పట్టుకున్నవేనని నేను ప్రమాణం చేయలేను. కొన్నిటికి నోరు తెరిచి ఉన్నప్పుడు దారం జారి హుక్ లోపలికి పోయి ఉండొచ్చు. నదిలో పాతవాళ్ళు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. అందుకే నేను లీడర్ పొట్టిగా ఉంచుతాను, ఊపనివ్వను. ఇక అనుమానం వస్తే చేప ఎంత మంచిదైనా వదిలేయమంటాను.

ఆయన ఆ వసంతంలో ఇంకో మూడుసార్లు వచ్చాడు. నీళ్ళు తక్కువగా, తేటగా ఉన్న రోజు రీలు దాదాపు అరవనే లేదు. నీళ్ళు పెరిగి వేగం ఎక్కువైన రోజు మళ్ళీ చెయ్యి కాలువగట్టుకి వెళ్ళిపోయింది, ఆ రోజు పడ్డ మూడింట్లో రెండు బయటే. అంటే కేసు పూర్తిగా మూసేశానని రాయలేను.

మొన్న ఫోన్ చేశాడు. కొత్త మీడియం రాడ్ కొన్నాడట, లీడర్ 24 అంగుళాలు చేస్తే ఏమైనా తప్పా అని అడిగాడు, ఈసారి డ్రాగ్ బిగించుకోవచ్చా అని కూడా అడిగాడు. లీడర్ సంగతి నదిలో నీళ్ళు చూశాక చెబుతానన్నాను. డ్రాగ్ మాత్రం మొదటి గంట వదులుగానే ఉంటుందన్నాను.